ఉప్పుగాలి దారుల్లో తోలు గ్లౌజులు

మోటారు సైకిలు మీద నుంచి పడే మనిషి శరీరంలో నేలను ముందుగా తాకేది చాలాసార్లు అరచెయ్యే. తలను, ముఖాన్ని కాచుకోవడానికి చేతులు వాటంతటవే ముందుకు చాచుకుంటాయి. అది ఆలోచించి చేసే పని కాదు, పసితనం నుంచీ ఒంట్లో ఉన్న అలవాటు. ఇంటి గడపలో కాలు జారినప్పుడు ఆ అలవాటు మేలే చేస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి మీద నుంచి పడినప్పుడు మాత్రం తారురోడ్డు ఆకురాయిలా పనిచేస్తుంది. దాని మీద అరిగేది అరచేతి చర్మం. తోలు గ్లౌజుల అవసరం అక్కడ మొదలవుతుంది.

ఆ అరుగుదల ఎంతసేపు ఉంటుందో లెక్క కట్టవచ్చు. పొడిగా ఉన్న రోడ్డు మీద ఘర్షణ గుణకం సుమారు 0.7 అనుకుంటే, 40 కిలోమీటర్ల వేగంలో పడిన మనిషి 9 మీటర్ల దూరం జారి ఆగుతాడు. అందుకు ఒకటిన్నర సెకనుకు కాస్త పైన పడుతుంది. 60 వేగంలో ఆ దూరం 20 మీటర్లు, కాలం సుమారు రెండున్నర సెకన్లు. 80 వేగంలో 36 మీటర్లు, మూడు సెకన్లకు పైమాటే. వేగం రెట్టింపైతే జారే దూరం నాలుగు రెట్లవుతుంది. పలచని నూలు గుడ్డ అటువంటి రాపిడికి సెకను లోపలే చిరిగిపోతుంది. మంచి తోలు ఆ సెకన్లన్నీ తట్టుకుని, తాను అరిగి, లోపలి చర్మాన్ని మిగులుస్తుంది. గ్లౌజుల విషయంలో మన్నిక అనే మాటకు మొదటి అర్థం ఈ రెండు మూడు సెకన్లే.

రెండో అర్థం కాలంతో ముడిపడినది. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతమంతా కృష్ణ చివరి నేల. ఒక పక్క సముద్రం, మరో పక్క నది పాయలు, మధ్యలో కాలువలు, వరిచేలు, చేపల చెరువులు. గాలిలో తేమ ఎండాకాలంలో కూడా పూర్తిగా తగ్గదు. తీరానికి దగ్గరైన కొద్దీ ఆ తేమలో ఉప్పు కలుస్తుంది. దానికి చెమట ఉప్పు తోడవుతుంది. నైరుతి వానలు వెళ్ళీ వెళ్ళకముందే ఈశాన్య వానలు మొదలవుతాయి. ఈ తడి, ఈ ఉప్పు కలిసి తోలును, దారాన్ని, గుండీలను నెమ్మదిగా తినేస్తాయి. పైకి నిగనిగలాడుతున్న గ్లౌజులో కుట్టు కుళ్ళి ఉంటే, అవసరమైన ఆ రెండు సెకన్లలో అది పిగిలిపోతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో గ్లౌజులు ఎంచుకునేవారు ఆ రెండు కాలాలనూ కలిపి చూడాలి. ఏడాది పొడుగునా తేమలో మెలిగిన తర్వాత కూడా, పడిన రోజున రెండు సెకన్లు నిలిచేవి ఏవన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడి రోడ్ల తీరు ఆ ప్రశ్నను మరింత ముఖ్యం చేస్తుంది. విజయవాడ నుంచి బందరుకు వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి, పామర్రు దగ్గర మొదలై గుడివాడ, కైకలూరు మీదుగా భీమవరం వైపు సాగే 165వ నంబరు రహదారి, బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ–పెనుమూడి వారధి దాటి రేపల్లె వైపు వెళ్ళే 216వ నంబరు రహదారి – ఇవి పెద్ద దారులు. వీటి నుంచి చీలి ఊళ్ళలోకి పోయేవి ఎక్కువగా కాలువ కట్టల మీది ఇరుకు దారులు. నాట్ల రోజుల్లో చేలోంచి రోడ్డెక్కిన ట్రాక్టరు నల్లరేగడి బురదను తారు మీద పరుచుకుంటూ పోతుంది. ఆ బురద మీద సన్నని జల్లు పడితే సబ్బు నీళ్ళు పోసినట్టే. కోతల రోజుల్లో రోడ్డుకు ఒక పక్కన ధాన్యం ఆరబోస్తారు. గింజల మీద టైరు పట్టు తప్పుతుంది. చేపల లోడుతో పోయే వాహనాల నుంచి మలుపుల దగ్గర నీరు కారుతుంది. సాయంత్రం ఇంటిదారి పట్టిన గేదెల మంద ఎక్కడైనా అడ్డు రావచ్చు. ఇటువంటి చోట బండి ముందుగా పక్కకు జారి, మనిషి నేల మీద పడి ఈడ్చుకుపోతాడు. అరచేతి రాపిడి తప్పని పతనం అది.

ఈ దారుల్లో చేతులకు తొడుగు వేసుకునేవారు తక్కువేమీ కాదు. స్కూటీల మీద ఉద్యోగాలకు, కాలేజీలకు వెళ్ళే ఆడవాళ్ళలో చాలామంది మోచేతి పైదాకా వచ్చే నూలు గ్లౌజులు వేసుకుంటారు. తెల్లవారకముందే మంచులో బయలుదేరే పాలవాళ్ళు ఊలు గ్లౌజులు తొడుగుతారు. అవి ఎండ నుంచి, చలి నుంచి కాపాడతాయి. ఆ పని బాగానే చేస్తాయి. రోడ్డు రాపిడి నుంచి మాత్రం కాపాడలేవు. నైలాన్ అల్లికల్లో మరో చిక్కు ఉంది. అది రాపిడి వేడికి కరిగి గాయానికి అంటుకుపోతుంది, ఆసుపత్రిలో దాన్ని పీకి శుభ్రం చేయడం గాయమంత బాధ.

చట్టం చెయ్యి గురించి ఏమీ చెప్పదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ హెల్మెట్ పెట్టుకోవాలంటుంది; హెల్మెట్‌కు ఐఎస్ 4151 అనే భారతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ఐ ముద్ర ఉంది. గ్లౌజులకు అటువంటి నిర్బంధం లేదు. అందువల్ల దుకాణంలో ఏది గ్లౌజు అంటే అదే గ్లౌజు. కొలబద్ద కావాలంటే ఐరోపా వైపు చూడాలి. అక్కడ మోటారు సైకిలు గ్లౌజులకు ఈఎన్ 13594 అనే ప్రమాణం ఉంది. ఇప్పుడు ఎక్కువగా కనిపించే రూపం 2015 నాటిది. అందులో రెండు స్థాయిలు. వేగంగా తిరిగే గరుకు పట్టీ మీద అరచేతి భాగాన్ని ఆనించి పరీక్షించినప్పుడు మొదటి స్థాయి గ్లౌజు 4 సెకన్లు, రెండో స్థాయి గ్లౌజు 8 సెకన్లు చిల్లు పడకుండా నిలవాలి. ప్రయోగశాలలో సెకను, రోడ్డు మీద సెకను సరిగ్గా ఒకటి కావు. అయినా ఒక గ్లౌజును మరో గ్లౌజుతో పోల్చడానికి ఇంతకంటే నమ్మకమైన ఆధారం లేదు. రాపిడితో పాటు కుట్టు బలాన్ని, తోలు చిరుగుదలను, తొడిగి బిగించాక లాగితే ఊడి వస్తుందో లేదో కూడా అందులో పరీక్షిస్తారు. లోపల కుట్టిన గుడ్డ ముక్క మీద మోటారు సైకిలిస్టు బొమ్మ, ప్రమాణం నంబరు, 1 లేదా 2 అనే స్థాయి, తయారీదారు పేరు ఉంటాయి. పిడికిలి కణుపుల మీద రక్షణ కూడా పరీక్షకు నిలిస్తే ‘కేపీ’ అనే అక్షరాలు ఉంటాయి. ఊరికే ‘సీఈ’ అనే ఐరోపా గుర్తును అట్టపెట్టె మీద అచ్చు వేసి, లోపలి గుడ్డ మీద నంబరు లేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ముద్ర ఉన్నవి అన్ని ఊళ్ళలోనూ దొరకవు. అప్పుడు తోలును తోలుగా చూసి గుర్తుపట్టడమే మార్గం. దానికి తోలు నిర్మాణం కొంత తెలియాలి. జంతుచర్మంలో కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు అన్ని దిక్కులా అల్లుకుని ఉంటాయి. మగ్గం మీద నేసిన గుడ్డలో పోగులు రెండు దిక్కులే కాబట్టి ఒక పోగు తెగితే చిరుగు దారి వెంట సాగుతుంది. తోలులో ఆ దారి ఉండదు. వెంట్రుకలు మొలిచే పైపొరలో పోగులు సన్నగా, బిగువుగా ఉంటాయి. లోపలి పొరలో లావుగా, కాస్త వదులుగా ఉంటాయి. గొడ్డుతోలు సహజంగా కొన్ని మిల్లీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి దాన్ని యంత్రంతో పొరలుగా చీలుస్తారు. పైపొర ఉన్న ముక్క బలమైనది, ఖరీదైనది. కింద మిగిలినది చీలిక తోలు. దాని మీద రంగు పూత పూసి, సహజమైన గీతలు పడేలా అచ్చు ఒత్తి, పైపొరలా అమ్ముతారు. అదీ నిజమైన తోలే గనుక అమ్మేవాడి మాట అబద్ధం కాదు, కానీ బలంలో అది పైపొరకు సాటి రాదు. తోలు పొడిని జిగురుతో కలిపి పలకలుగా చేసింది ఇంకా నాసి. పూర్తిగా తోలు కానిది రెక్సిన్. అది గుడ్డ మీద ప్లాస్టిక్ పూత మాత్రమే. ఈ ప్రాంతపు ఉక్కలో ఆ పూత రెండు మూడేళ్ళకే పొలుసులుగా రాలడం సోఫాల మీద, చేతిసంచుల మీద చూడనివారు ఉండరు. గ్లౌజు మీదా అదే జరుగుతుంది.

ఏ జంతువు తోలన్నది కూడా పట్టించుకోవలసిందే. గొడ్డుతోలు రాపిడికి గట్టిది. కొత్తలో బిరుసుగా ఉండి వాడకంలో చేతి ఆకారానికి వస్తుంది. గేదెతోలు మందం, పైన గరుకు ఎక్కువ. సాగే గుణం కూడా కొంత ఎక్కువ, కాబట్టి బాగా బిగువుగా కుట్టినదైతేనే నిలుస్తుంది. మేకతోలు పలచన, కానీ పోగులు బిగువు. పలచగా ఉన్నా దాని చిరుగు బలం మెరుగే. ఆక్సిలరేటరు, ముందు బ్రేకు చేతికి స్పష్టంగా తెలియాలంటే మేకతోలే హాయి. గొర్రెతోలు గురించి ఒక మాట విడిగా చెప్పాలి. ఊలు గొర్రెల తోలులో ఊలు కుదుళ్ళ వల్ల, కొవ్వు వల్ల పొరల మధ్య వదులు ఏర్పడుతుంది. అది మెత్తగా ఉంటుంది గాని సులువుగా చిరుగుతుంది. నెల్లూరు జాతి వంటి దక్షిణాది గొర్రెలకు ఉండేది ఊలు కాదు, వెంట్రుక. వాటి తోలు మేకతోలుకు దగ్గరగా ఉంటుంది. బండి పందేల వాళ్ళు ఇష్టపడే కంగారూ తోలులో పోగులు ఉపరితలానికి సమాంతరంగా ఉంటాయి కాబట్టి పలచగా ఉన్నా చాలా బలం. అది దిగుమతి సరుకు, ఇక్కడి రోజువారీ వాడకానికి అవసరం లేదు.

పచ్చితోలు కుళ్ళకుండా నిలవాలంటే పదును చేయాలి. దక్షిణ భారతంలో దానికి పాత పద్ధతి తంగేడు చెక్క. పసుపు పూలు పూసే ఆ తంగేడు మొక్క బెరడులోని వగరు పదార్థం కొల్లాజెన్ పోగులను పట్టుకుని నీటికి కరగకుండా, పురుగుకు లొంగకుండా చేస్తుంది. తరువాత కరక్కాయ రసంలో ముంచి మెరుగు పెడతారు. తమిళనాడులో తిరుచ్చి, దిండిగల్, ఈరోడు ప్రాంతాల్లో ఈ తరహాలో చేసిన తోలుకు ‘ఈస్ట్ ఇండియా తోలు’ అన్న పేరుంది, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రెండోది క్రోమియం లవణాలతో చేసే పద్ధతి. 19వ శతాబ్దం చివర అమెరికాలో స్థిరపడి, నేడు ప్రపంచంలో పదును చేసే తోళ్ళలో ఎక్కువ భాగాన్ని ఆక్రమించింది. చెక్క పదునుకు వారాలు పడితే దీనికి రోజుల్లో పని. చెన్నై అడయారులో 1948లో నెలకొన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఈ రెండు పద్ధతుల మీదా దశాబ్దాలుగా పనిచేస్తోంది.

గ్లౌజుల వరకు వస్తే, డెల్టాకు క్రోమియం తోలే సరైనది. అది మెత్తన, తడిసి ఆరినా చెక్క పదును తోలంత బిరుసెక్కదు, వేడికి ముడుచుకోవడం కూడా తక్కువ. చెక్క పదును తోలు చెప్పులకు, బెల్టులకు శ్రేష్ఠం. అయితే క్రోమియం పని సరిగా జరగకపోతే తోలులో ఆరు సంయోజకత గల క్రోమియం ఏర్పడవచ్చు. అది చర్మానికి దురద, పొక్కులు తెస్తుంది, చెమట పట్టే చేతికి మరీ తొందరగా. ఐరోపాలో 2015 నుంచి చర్మాన్ని తాకే తోలు వస్తువుల్లో అది కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇంటి దగ్గర దాన్ని కొలవలేరు. చౌక రంగు, ఘాటైన మందు వాసన, తడి తెల్లగుడ్డతో రుద్దితే దిగే నలుపు – ఈ మూడూ ఉన్న గ్లౌజును వదిలిపెట్టడం మంచిది.

దుకాణంలో తోలును గుర్తుపట్టడానికి అగ్గిపుల్ల గీసి చూపించేవారు ఉంటారు. తోలు కాలితే వెంట్రుక కాలిన కమురు వాసన, రెక్సిన్ కాలితే ప్లాస్టిక్ వాసన, నిజమే. కానీ కొనని వస్తువును ఎవరూ కాల్చనివ్వరు. అంతకంటే సులువైనవి ఉన్నాయి. మణికట్టు దగ్గర కత్తిరించిన అంచు చూడాలి. తోలు అంచులో నూగు పోగులు కనిపిస్తాయి, రెక్సిన్ అంచులో గుడ్డ నేత కనిపిస్తుంది. వేలితో నొక్కితే నిజమైన పైపొర సన్నని ముడతలుగా చుట్టూ లాగుకుంటుంది, పూత వేసినది గుంటపడి లేస్తుంది. ఒక ముక్కను కొద్దిగా మడిచి లాగి చూస్తే పూత మీద తెల్లని పగుళ్ళు కనబడతాయి. సహజమైన రంధ్రాలు ఒక తీరుగా ఉండవు, అచ్చు ఒత్తినవి వరసగా ఒకే కొలతలో ఉంటాయి. బందరు, గుడివాడ బస్టాండ్ల దగ్గర చెప్పులు కుట్టే పెద్దలు చేత్తో తడిమి ఒక్క క్షణంలో తేల్చేస్తారు. ఆ చేతినేర్పు ఏ పుస్తకానికీ రాదు. కొనేముందు వారి సలహా అడిగితే డబ్బు వృథా కాదు.

మందం విషయంలో ఎక్కువే మంచిదనుకోవడం పొరపాటు. మేకతోలుకు 0.7 నుంచి 1 మిల్లీమీటరు, గొడ్డుతోలుకు ఒక మిల్లీమీటరు, ఇంచుమించు 1.2 దాకా చాలు. అంతకంటే మందమైతే క్లచ్చు పట్టుకుని పట్టుకుని చెయ్యి గుంజుతుంది. పట్టు తెలియక ఇండికేటరు మీట వెతుక్కోవలసి వస్తుంది. గ్లౌజు బరువుకు విసిగి తీసి పక్కన పెట్టేవారికి ఆ మందం వల్ల ఒరిగేదేమీ లేదు. మందం పెంచవలసిన చోట మాత్రం పెంచాలి, అంటే అరచేతి మడమ దగ్గర రెండో పొర.

ఆ రెండో పొర ఎక్కడ ఉండాలో చేతి ఎముకలు చెబుతాయి. మణికట్టులో బొటనవేలి వైపున స్కేఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంది; పడవ ఆకారం కాబట్టి దానికి ఆ పేరు. చాచిన అరచేతి మీద పడ్డప్పుడు మణికట్టు ఎముకల్లో తరచుగా విరిగేది అదే. దానికి రక్తం ఒక కొస నుంచే వెళుతుంది కాబట్టి విరిగిన రెండో ముక్కకు రక్తం అందక అతుకు ఆలస్యమవుతుంది. ఒక్కోసారి అసలు అతకదు. తోలు రోడ్డును గట్టిగా పట్టుకుంటే చెయ్యి అక్కడే ఆగి, శరీరం ముందుకు పోయి, బలమంతా ఆ ఎముక మీద పడుతుంది. అందుకే మంచి గ్లౌజుల్లో అరచేతి మడమ మీద నున్నని గట్టి ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. దాని మీద చెయ్యి పట్టు చిక్కకుండా జారుతుంది. చిటికెన వేలి వైపు, బొటనవేలి కింద – రెండు చోట్లా బిళ్ళలు ఉంటే మేలు. అంటించిన బిళ్ళ ఈ ఎండకు ఊడిపోతుంది, కుట్టి బిగించినదే చూడాలి. పిడికిలి కణుపుల మీది గట్టి గుల్ల ఎదురుదెబ్బకు పనికొస్తుంది, కానీ చూపులకు అదే ముందు కనబడుతుంది కాబట్టి నాసి గ్లౌజుల వాళ్ళు దాన్నే పెద్దది చేసి అరచేతిని పలచన చేస్తారు. గ్లౌజును తిప్పి అరచెయ్యి చూశాకే పైభాగం చూడాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ కోరేది కుట్టు. పడినప్పుడు తోలు చిరిగేకంటే ముందు కుట్టు విడిపోవడమే ఎక్కువ. దారం నూలుదైతే ఈ తేమలో ఏడాదికే చీకిపోతుంది, వేలితో లాగితే తెగుతుంది. పాలిస్టర్ లేదా మెలివేసి పూత పూసిన నైలాన్ దారం కావాలి. ఖరీదైన వాటిలో అరామిడ్ దారం వాడతారు. దానికి వేడి లెక్క కాదు, ఎండ మాత్రం పడదు, కాబట్టి లోపలి కుట్లలో ఉండాలి. కుట్టు ఎంత దగ్గరగా ఉంటే అంత గట్టి అనుకుంటారు. నిజానికి సూది గుచ్చిన ప్రతి రంధ్రమూ తోలును కొంత బలహీనం చేస్తుంది. మరీ దగ్గర కుట్లు పోస్టు బిళ్ళల మధ్య చిల్లుల వరసలా పనిచేసి తోలు ఆ గీత వెంటే చిరుగుతుంది. సెంటీమీటరుకు 3 లేదా 4 కుట్లు చాలు. అరచేతి బయటి అంచున ఒకటి కాదు, రెండు వరసల కుట్టు ఉండాలి. రోడ్డును తాకేది ఆ అంచే. వేళ్ళ మధ్య సన్నని పట్టీ ముక్కలు కుట్టినవి వేలికి గుండ్రని ఆకారం ఇస్తాయి. రెండు ముక్కలు నేరుగా కలిపి కుట్టినవి బల్లపరుపుగా ఉండి వేలి కొసన ఒత్తుకుంటాయి. చిటికెన వేలిని ఉంగరపు వేలితో చిన్న తోలు వంతెనలా కలిపిన గ్లౌజులు కూడా ఉన్నాయి. ఒంటరిగా ఉన్న చిటికెన వేలు నేలకు తగిలి వెనక్కి మెలిపడకుండా ఆపడానికి అది. అలవాటు పడటానికి వారం పడుతుంది.

తరువాత మణికట్టు పట్టీ. చేతిలోంచి ఊడిపోయిన గ్లౌజు ఎంత గట్టిదైనా లేనట్టే. పట్టీ బిగించి, రెండో చేత్తో వేళ్ళ కొసలు పట్టుకుని గట్టిగా లాగాలి. జారి వస్తే ఆ గ్లౌజు పనికిరాదు, కొలత సరిపోయినా సరే. ఇనుప నొక్కుడు గుండీలు బందరు ఉప్పుగాలికి ఏడాదిలోపే తుప్పు పడతాయి. తుప్పు నీరు తోలును కూడా నల్లగా మార్చి పెళుసు చేస్తుంది. ప్లాస్టిక్ కొక్కేల వెల్క్రో పట్టీ నయం. అందులో వరి పొట్టు, దారపు నూగు ఇరుక్కుని పట్టు తగ్గుతుంది కాబట్టి పాత పళ్ళ బ్రష్షుతో నెలకోసారి గీకి తీయాలి. మణికట్టు దాటి వచ్చే పొడుగు గ్లౌజు రక్షణలో మెరుగు; ఐరోపా ప్రమాణపు రెండో స్థాయి గ్లౌజు మణికట్టు మీదుగా కనీసం 50 మిల్లీమీటర్లు రావాలి. ఊళ్ళో రెండు కిలోమీటర్లకు తిరిగేవారికి పొట్టివి సరిపోవచ్చు. బందరు నుంచి విజయవాడ దాకా సుమారు 70 కిలోమీటర్లు రహదారి మీద రోజూ వెళ్ళివచ్చేవారు పొడుగువే తీసుకోవాలి.

కొలతకు టేపు చాలు. బొటనవేలిని వదిలి, నాలుగు వేళ్ళ కణుపుల మీదుగా అరచేతి చుట్టుకొలత తీయాలి. చెయ్యి చాపి కాక, బండి హ్యాండిల్ పట్టుకుని చూసుకోవాలి. దుకాణం ముందు ఆపిన బండి మీదే కూర్చుని ముందు బ్రేకు, క్లచ్చు, హారను, ఇండికేటరు అన్నీ నొక్కి చూడటం సిగ్గుపడవలసిన పని కాదు. వేలి కొసకూ గ్లౌజు కొసకూ మధ్య 3, 4 మిల్లీమీటర్లు సందు ఉండాలి. అరచేతిలో తోలు ముడత పడకూడదు; ముడత పట్టు చెడగొడుతుంది, బొబ్బలు తెస్తుంది. తోలు వెడల్పులో కొంత సాగుతుంది గనుక కొత్తలో కాస్త బిగువు ఉన్నా పరవాలేదు. పొడుగులో సాగదు. వేళ్ళు పొట్టి అయితే ఎన్నాళ్ళు వాడినా పొట్టే.

గ్లౌజు తొడిగేముందు ఉంగరాలు తీసెయ్యాలి. బందరు పక్కనే ఉన్న చిలకలపూడి గిల్టు నగలు దేశమంతా వెళతాయి, ఈ ప్రాంతంలో ఉంగరం లేని చెయ్యి అరుదు. పడినప్పుడు గ్లౌజు లోపల ఉంగరం వేలిని కోస్తుంది. దెబ్బకు వేలు వాచితే అదే ఉరిలా బిగుసుకుంటుంది. ఆసుపత్రిలో ముందు కత్తిరించేది దాన్నే.

ఉక్క ఈ ప్రాంతపు గ్లౌజులకు పెద్ద అడ్డంకి. వేసవిలో లోపల చెమట పట్టి జారుడుగా ఉంటే ఎవరైనా తీసి పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుంటారు. దానికి ఉపాయం చేతి వెనక భాగంలో, వేళ్ళ పక్కల సన్నని చిల్లులు పొడిచిన తోలు. అరచేతిలో మాత్రం చిల్లులు ఉండకూడదు, అక్కడ తోలు నిండుగా ఉండాలి. వెనక జాలీ గుడ్డ, అరచేతిలో తోలు ఉన్నవి కూడా ఎండాకాలానికి ఒప్పుకోదగ్గవే. లోపల నీటిని ఆపే పొర ఉన్న గ్లౌజులు చలిదేశాల కోసం తయారైనవి. ఇక్కడి తేమలో అవి లోపలి చెమటతోనే తడిసి రెండు రోజులైనా ఆరవు. వాన రోజుకు పైన తొడిగే పలచని ప్లాస్టిక్ తొడుగు నయం. ఎడమ బొటనవేలి మీద రబ్బరు అంచు ఉంటే వానలో హెల్మెట్ అద్దం తుడుచుకోవచ్చు. చిన్న విషయమే అయినా కైకలూరు దారిలో జడివానలో దాని విలువ తెలుస్తుంది.

హార్డ్‌వేరు దుకాణాల్లో దొరికే వెల్డింగు గ్లౌజులను బండికి వాడేవారున్నారు. అవి చీలిక తోలువి, నిప్పురవ్వల కోసం కుట్టినవి. మణికట్టు పట్టీ ఉండదు, కొలత ఒక్కటే, చెయ్యి అందులో తిరుగుతూనే ఉంటుంది. పడిన మొదటి మీటరులోనే ఊడిపోతాయి.

కొన్న తర్వాత మన్నిక వాడేవాడి చేతిలో ఉంటుంది. తడిసిన గ్లౌజును ఎండలో గాని, బండి సైలెన్సరు మీద గాని ఆరబెడితే తోలు పోగులు ముడుచుకుని అట్టలా మారతాయి. లోపల పాత పేపరు ఉండలు దూర్చి నీడలో, ఫ్యాను కింద వేలాడదీయాలి; పేపరు తడిసినకొద్దీ మార్చాలి. రోజూ వాడేవారు వారానికి ఒకసారి తడిగుడ్డ పిండి లోపలా బయటా తుడిస్తే చెమట ఉప్పు పోతుంది. ఏటిమొగ రేవులో పంటు ఎక్కించి బండ్లు ఎదురుమొండికి తీసుకుపోయేవారి గ్లౌజుల మీద ఉప్పునీటి తుంపర పడుతుంది. దాన్ని ఆరనివ్వక ముందే మంచినీటితో తుడిచెయ్యాలి. ఆరిన ఉప్పు గాలిలోని తేమను మళ్ళీ మళ్ళీ పీల్చి తోలును ఎప్పుడూ తడిగానే ఉంచుతుంది.

కొత్త చెప్పులకు ఆముదం పట్టించి మెత్తబరచడం పల్లెల్లో పాత అలవాటు. గ్లౌజుకు కూడా వేళ్ళ వెనక, కీళ్ళ మడతల దగ్గర రెండు చుక్కలు రుద్దవచ్చు, లేదా తోలుకని అమ్మే క్రీము రాయవచ్చు. అరచేతిలో నూనె పెట్టకూడదు, ఆక్సిలరేటరు మీద చెయ్యి జారుతుంది. ఎక్కువ నూనె తోలును సాగదీసి వదులు చేస్తుంది, బూజునూ పిలుస్తుంది. బూజు పట్టినప్పుడు పొడిగుడ్డతో ఆరుబయట దులిపి, నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తుడిచి నీడలో ఆరబెట్టాలి. బీరువాలో కలరా ఉండలు వేసినా పురుగు రాదేమో గాని బూజు ఆగదు. అన్నిటికంటే చెడ్డ చోటు స్కూటరు డిక్కీ. కింద ఇంజను వేడి, లోపల మూసిన తేమ, పక్కన తడి రెయిన్‌కోటు. గ్లౌజులకు ఇంటి గోడకు రెండు మేకులు చాలు.

ఆరు నెలలకు ఒకసారి ప్రతి కుట్టునూ వేలితో లాగి చూడాలి. విడిన కుట్టును వెంటనే చర్మకారుడి దగ్గర వేయించుకుంటే, ఆయన ఆరెతో పాత రంధ్రాల్లోంచే మైనం పట్టిన నైలాన్ దారం పోనిచ్చి బిగిస్తాడు. కొత్త రంధ్రాలు పొడవనివ్వకపోవడం మంచిది. ఒకసారి గట్టిగా పడిన తర్వాత మాత్రం ఆ జత పని అయిపోయినట్టే లెక్క. అరచేతి తోలు పైపొర అరిగి పోగులు తేలి ఉంటే, బిళ్ళ పగిలి ఉంటే, రెండోసారి అది ఆ సెకన్లను తట్టుకోలేదు. అటువంటి పాత జతను గట్టు మీద తుమ్మకంప నరికేటప్పుడు, చేపల చెరువు దగ్గర ముళ్ళతీగ లాగేటప్పుడు చేతికి తొడుక్కోవచ్చు.